విద్యార్థుల ప్రాణరక్షణ: పెద్దల కర్తవ్యం

పిల్లవానికి జ్వరం వచ్చినదని తల్లి నుదురు తాకి గ్రహిస్తుంది. మనస్సుకు కలిగిన గాయాన్ని గ్రహించడానికి అంత సులభమైన మార్గం లేదు. ఐనప్పటికీ ఆ గాయానికి కూడా కొన్ని గుర్తులు ఉన్నవి. తెలిసినవారికి అవి కనపడతాయి. ఆ గుర్తులను తెలుసుకోవడం, అవి కనపడినప్పుడు చేయవలసిన పనిని ఆలస్యం లేకుండా చేయడం పిల్లలున్న ప్రతి గృహానికీ, విద్యార్థి నిలయం నడుపుతున్న ప్రతి మఠానికీ అత్యవసరమైన విద్య. ఈ పాఠం ఉద్దేశం ఆ విద్యను క్రమంగా వివరించడమే.

సమస్య ఎంత పెద్దదో ముందుగా గ్రహించవలెను. జాతీయ నేర నమోదుల బ్యూరో లెక్కల ప్రకారం మన దేశంలో 2022లో 13,044 మంది, 2023లో 13,892 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారు. 2023 సంఖ్యను రోజులకు పంచి చూస్తే రోజుకు 38 మంది అవుతారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021 సంవత్సరానికి ఇచ్చిన అంచనాలలో 15 నుండి 29 ఏండ్ల వయస్సువారి మరణాలకు గల ప్రధాన కారణాలలో ఆత్మహత్య మూడవది.

తెలుగునాట ఈ విషాదం ఎంత సమీపంలో ఉన్నదో 2019 ఏప్రిల్ నెల చూపించింది. తెలంగాణలో ఆ నెల 18న ఇంటర్మీడియెట్ ఫలితాలు వెలువడినవి. మూడు లక్షలకు పైగా విద్యార్థులు తప్పినట్లు ప్రకటన వచ్చింది. మార్కుల నమోదులో పొరపాట్లు జరిగినవని రాష్ట్రమంతటా ఆందోళన చెలరేగింది. ఆ కొద్ది రోజులలోనే ఇరవైమందికి పైగా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారని వార్తలు వచ్చినవి. తరువాత ప్రభుత్వం తప్పినవారి జవాబు పత్రాలను ఉచితంగా తిరిగి పరిశీలింపజేయగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైనట్లు తేలింది. కాగితం మీది అంకెను దిద్దడానికి అవకాశం ఉన్నది. పోయిన ప్రాణాన్ని తిరిగి తేవడానికి ఏ కమిటీకీ శక్తి లేదు. ఫలితాల కాలంలో ఈ సంగతి ప్రతి తల్లికీ, ప్రతి తండ్రికీ జ్ఞాపకం ఉండవలెను.

కారణం ఒక్కటి కాదు

పరీక్ష తప్పినందున చనిపోయినాడని లోకం సులభంగా అంటుంది. లక్షలమంది తప్పుతున్నారు, వారిలో అత్యధికులు మళ్లీ వ్రాసి ముందుకు సాగుతున్నారు. కనుక పరీక్షాఫలితం ఒక్కటే కారణమని చెప్పడం సరికాదు. చాలాచోట్ల అది అప్పటికే నిండిన కుండలో పడిన చివరి చుక్క. ఆ కుండను నింపినవి వేరుగా ఉంటాయి. దిగులు జబ్బు, అనగా వైద్యులు డిప్రెషన్ అనే వ్యాధి, చికిత్స లేకుండా నెలల తరబడి సాగి ఉండవచ్చు. ఇంటిలో తాగుడు, కొట్లాటలు, అప్పుల వేధింపు ఉండవచ్చు. తోటివారి ఎగతాళి, ర్యాగింగు, కులం పేరున అవమానం, ఎవరికీ చెప్పుకోలేని లైంగిక వేధింపు ఉండవచ్చు. ఆడపిల్లకు చదువు మాన్పించి పెండ్లి చేస్తారన్న భయం ఉండవచ్చు. ఇష్టం లేని కోర్సులో చేర్చడం, ఇల్లు విడిచి దూరపు హాస్టలులో ఉంచడం, ప్రియమైనవారి మరణం ఇవన్నీ భారాన్ని పెంచుతాయి.

ఇంతకు ముందు ఒకసారి ప్రయత్నించి బ్రతికిన పిల్లల విషయంలో ప్రమాదం మరింత ఎక్కువ. కుటుంబంలో గాని, స్నేహితులలో గాని ఎవరైనా అట్లా మరణించి ఉంటే అప్పుడు కూడా విశేష జాగ్రత్త అవసరం.

మూడు అపోహలు

మొదటి అపోహ: చస్తాను అని పైకి అనేవారు ఆ పని చేయరు, ఊరికే బెదిరిస్తారు. ఇది ప్రమాదకరమైన నమ్మకం. ప్రాణం తీసుకున్నవారిలో చాలామంది అంతకు ముందు ఏదో ఒక రూపంలో ఆ మాట ఎవరితోనో అన్నవారే. పిల్లవాడు కోపంలో అన్నా, నవ్వుతూ అన్నా ఆ మాటను విని వదలివేయకూడదు.

రెండవ అపోహ: ఆ ప్రశ్న అడిగితే లేని ఆలోచన పుట్టించినట్లవుతుంది. పరిశోధనలు దీనిని సమర్థించడం లేదు. సూటిగా, దయతో అడిగినప్పుడు అప్పటివరకు ఒంటరిగా మోసిన భారాన్ని పంచుకొనే అవకాశం ఆ పిల్లలకు కలుగుతుంది. అడగకపోవడం వలననే నష్టం.

మూడవ అపోహ: ఇది పిరికితనం, గారాబం చేసినందున వచ్చిన బలహీనత. తీవ్రమైన దిగులులో ఉన్నవారికి బుద్ధి ఇరుకు సందులో నడిచినట్లు ఉంటుంది. అటూ ఇటూ ఉన్న దారులు కనపడవు. చనిపోవలెనన్న కోరిక కంటే బాధ ఆగిపోవలెనన్న కోరికే అప్పుడు బలంగా ఉంటుంది. ఆ సంక్షోభం తరచుగా కొద్ది గంటలలోనో, కొద్ది రోజులలోనో తగ్గుముఖం పడుతుంది. ఆ సమయాన్ని సురక్షితంగా దాటించగలిగితే ప్రాణం నిలుస్తుంది. ఈ ఒక్క సత్యం మీదనే నివారణ అంతా ఆధారపడి ఉన్నది.

గమనించవలసిన గుర్తులు

మాటలలో కనపడేవి: నేను లేకపోతే మీకు సుఖం, నా వలన అందరికీ ఖర్చే, ఇంక ఎన్నాళ్లో ఉండను, నిద్రపోయి మళ్లీ లేవకపోతే బాగుండును వంటి మాటలు. నోటుపుస్తకం అంచున వ్రాసిన వాక్యం, స్నేహితునికి ఫోనులో పంపిన సందేశం, చావును గురించి పదే పదే గీసిన బొమ్మలు కూడా మాటలే.

నడవడిలో కనపడేవి: ఆటలు, స్నేహాలు మానివేయడం, గదిలో ఒంటరిగా ఉండడం, భోజనం తగ్గడం, రాత్రి నిద్ర లేకపోవడం లేదా పగలంతా నిద్రపోవడం, చదువులో హఠాత్తుగా వెనుకబడడం, స్నానం, బట్టల పట్ల శ్రద్ధ పోవడం, చీటికి మాటికి కోపం, ఒంటి మీద తానే చేసుకున్న గాయాలను పొడుగు చేతుల చొక్కాతో కప్పుకోవడం.

వీడ్కోలు గుర్తులు: ఎంతో ఇష్టపడిన వస్తువులను పంచిపెట్టడం, కారణం లేకుండా అందరినీ క్షమాపణ అడగడం, తమ్మునికో చెల్లెలికో పెద్దవారి మాదిరిగా అప్పగింతలు చెప్పడం. చాలా రోజుల దిగులు తరువాత కారణం లేకుండా ఒక్కసారిగా ప్రశాంతంగా కనపడడాన్ని కూడా తేలికగా తీసుకోకూడదు. బాగుపడినాడని పెద్దలు సంతోషించే ఆ సమయంలో పిల్లవాడు ఒక నిర్ణయానికి వచ్చి ఉండవచ్చు.

ఒక్కొక్క గుర్తు విడిగా చూస్తే ఆ వయస్సుకు సహజమే అనిపించవచ్చు. రెండు మూడు కలిసి కనపడినప్పుడు, పిల్లవాని పాత స్వభావంతో పోల్చితే స్పష్టమైన మార్పు ఉన్నప్పుడు, అది రెండు వారాలు గడిచినా తగ్గనప్పుడు పెద్దలు కదలవలెను. చావు ప్రసక్తి గాని, వీడ్కోలు గుర్తు గాని కనపడితే రెండు వారాలు కాదు, ఆ రోజే కదలవలెను.

ఒక ఉదాహరణ ఊహించుకోవచ్చు. మఠం హాస్టలులో ఉండి తొమ్మిదవ తరగతి చదువుతున్న ఒక బాలుడు సంక్రాంతి సెలవులు గడిపి తిరిగి వచ్చినాడు. పంక్తిలో కూర్చొని అన్నం కెలికి లేస్తున్నాడు. సాయంకాలం ఆటకు రావడం లేదు. ఒకనాడు తన క్రికెట్ బ్యాటును పక్క మంచం పిల్లవానికి ఇచ్చి, ఇంక నాకు వద్దులే అన్నాడు. తిండి సంగతి వంటవానికి తెలుసు. ఆట సంగతి వ్యాయామ ఉపాధ్యాయునికి తెలుసు. బ్యాటు సంగతి పక్క మంచం పిల్లవానికి తెలుసు. ముగ్గురికీ తెలిసినది ఒకచోట చేరకపోతే ప్రమాదం ఎవరికీ తెలియదు. కాబట్టి హాస్టలులో పనిచేసే ప్రతివారూ తాము గమనించినది ఎవరికి చెప్పవలెనో ముందే నిర్ణయించి ఉండవలెను. వంటవాడు చెప్పినా, చిన్న పిల్లవాడు చెప్పినా వార్డెను దానిని శ్రద్ధగా వినవలెను.

ఎట్లా మాట్లాడవలెను

అటువంటి పిల్లవానిని నలుగురిలో నిలబెట్టి అడగకూడదు. ఇతరులు వినని, ఐతే మరీ మూసిన గది కాని చోట పక్కన కూర్చోవలెను. గమనించిన విషయంతో మొదలుపెట్టవలెను: “నాన్నా, ఊరినుండి వచ్చినప్పటి నుంచి నువ్వు సరిగా తినడం లేదు. ఆటకూ రావడం లేదు. నీ మనస్సులో ఏదో బాధ ఉన్నట్టుంది. నాకు చెప్పవా?” వెంటనే జవాబు రాకపోవచ్చు. మౌనాన్ని ఉపదేశంతో నింపకుండా కొంతసేపు ఓపిక పట్టవలెను.

పిల్లవాడు మాట్లాడడం మొదలుపెట్టిన తరువాత అసలు ప్రశ్నను చుట్టు తిప్పకుండా అడగవలెను: “ఇంత బాధలో కొంతమందికి బతకాలని అనిపించదు. నీకు ఎప్పుడైనా అట్లా అనిపించిందా?” అవునంటే ఉలిక్కిపడకూడదు, తిట్టకూడదు, ఏడవకూడదు. చెప్పినందుకు మెచ్చుకోవలెను. తరువాత మరికొన్ని సంగతులు తెలుసుకోవలెను. ఆ ఆలోచన ఎంత తరచుగా వస్తున్నది? ఎట్లా చేయవలెనని అనుకున్నాడా? ఎప్పుడని అనుకున్నాడా? అందుకు కావలసినది చేతికి అందుబాటులో ఉన్నదా? ఇంతకు ముందు ప్రయత్నించినాడా? పద్ధతి, సమయం, సాధనం మూడూ నిశ్చయమై ఉంటే ప్రమాదం అతి సమీపంలో ఉన్నదని గ్రహించి, అప్పటినుండి ఒక్క నిమిషం కూడా ఒంటరిగా విడవకూడదు. అవేవీ నిశ్చయం కాకపోయినా నిశ్చింతగా ఉండకూడదు. ఒకటి రెండు రోజులలో వైద్యునికి గాని, శిక్షణ పొందిన మానసిక సలహాదారునికి గాని చూపించవలెను.

ఎవరికీ చెప్పవద్దని పిల్లవాడు ఒట్టు పెట్టించుకోవచ్చు. ఆ ఒట్టు వేయకూడదు. “నీ మాట ఊరంతా చెప్పను. కానీ నీ ప్రాణం కాపాడడానికి ఎవరికి చెప్పాలో వారికి చెప్తాను, నీతో చెప్పే చెప్తాను” అనవలెను.

అనకూడని మాటలు కూడా ఉన్నవి. “మీ నాన్న నీకోసం ఎంత కష్టపడుతున్నాడో తెలుసా?” అనేది మంచి ఉద్దేశంతో అనే మాటే. ఐతే తాను ఇంటికి భారమని అప్పటికే కుమిలిపోతున్న బిడ్డకు అది ఆ నమ్మకాన్నే గట్టిపరుస్తుంది. “ఇంత చిన్నదానికా?”, “పక్కింటి అమ్మాయిని చూసి నేర్చుకో”, “మా కాలంలో ఇంతకంటే కష్టాలు పడ్డాం” అనేవి మాట్లాడే నోటిని మూసివేస్తాయి. కోపంలోనైనా “పో, చావు” అనే మాట ఇంటిలో వినపడకూడదు.

తక్షణం చేయవలసిన పనులు

ఒకటి, తోడు. నమ్మకమైన పెద్దవారు రాత్రింబవళ్లు వెంట ఉండవలెను.

రెండు, సాధనాలను దూరం చేయడం. రైతు కుటుంబాలలో పురుగుల మందు ఇంటి మూలలోనే ఉంటుంది. దానిని ఇంటినుండి తొలగించవలెను, లేదా పిల్లలకు తెలియనిచోట తాళం వేసి ఉంచవలెను. తాత, అవ్వల రక్తపోటు మాత్రలు, నిద్రమాత్రలు కూడా తాళంలోనే ఉండవలెను. ఒక దారి మూస్తే మరో దారి వెతుకుతారని కొందరు వాదిస్తారు. అనుభవం వేరు విధంగా ఉన్నది. శ్రీలంకలో అత్యంత విషపూరితమైన పురుగుల మందులను దశలవారీగా నిషేధించిన తరువాత 1995 నుండి ఇరవై ఏండ్ల కాలంలో ఆత్మహత్యల రేటు సుమారు 70 శాతం తగ్గింది. సంక్షోభ సమయంలో సాధనం చేతికి అందకపోతే ఎందరో బ్రతికి బయటపడతారని దీనివలన తెలుస్తున్నది.

మూడు, వైద్య సహాయం. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు రాత్రింబవళ్లు ఎప్పుడైనా ఉచితంగా ఫోను చేయవచ్చు. తెలుగులో మాట్లాడవచ్చు. తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు, పిల్లలు ఎవరైనా చేయవచ్చు. ఆపదలో ఉన్న పిల్లల కోసం 1098 నంబరు ఉన్నది. ఏదైనా మింగినట్లు గాని, గాయపరచుకున్నట్లు గాని అనుమానం కలిగితే ఇంటి చిట్కాలతో కాలయాపన చేయక 108కి ఫోను చేసి వెంటనే ఆస్పత్రికి చేర్చవలెను.

పోలీసు కేసు అవుతుందన్న భయంతో కొందరు ఆస్పత్రికి తీసుకుపోవడానికి వెనుకాడతారు. 2018 మే 29న అమలులోకి వచ్చిన మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం (2017) ప్రకారం, వేరు విధంగా రుజువైతే తప్ప, ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన మానసిక ఒత్తిడిలో ఉన్నట్లే భావించవలెను. వారిని విచారించి శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స, పునరావాసం కల్పించడం ప్రభుత్వ విధి. ప్రయత్నాన్ని సాధారణ నేరంగా చూచిన పాత శిక్షాస్మృతి సెక్షను 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలో లేదు. కాబట్టి దాచవలసిన అవసరం లేదు.

గాలి సోకినదని, దోషమని చెప్పి చికిత్సను వాయిదా వేయడం కూడా చూస్తుంటాము. స్వామివారి దర్శనం, విభూతి, దీవెన మనస్సుకు ధైర్యం ఇస్తాయి. అవి వైద్యానికి తోడుగా ఉండవలెనే గాని వైద్యం స్థానాన్ని ఆక్రమించకూడదు. మఠాధిపతుల మాటకు కుటుంబాలలో ఉన్న గౌరవం గొప్పది. “బిడ్డను ముందు డాక్టరుకు చూపించండి” అని స్వామివారే ఒక్క మాట సెలవిస్తే వెనుకాడే తల్లిదండ్రులు కూడా కదులుతారు.

విద్యార్థి నిలయాల బాధ్యత

2023లో విశాఖపట్నంలో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు చెప్తూ విద్యాసంస్థలకు 15 మార్గదర్శకాలు ఇచ్చింది. తగిన చట్టం వచ్చేవరకు అవి పాటించవలసినవే. నూరుగురు లేదా అంతకు మించి విద్యార్థులున్న సంస్థలో శిక్షణ పొందిన సలహాదారు కనీసం ఒకరు ఉండవలెను. అంతకంటే చిన్న సంస్థలు బయటి నిపుణులతో సంబంధం ఏర్పరచుకోవలెను. మార్కులను బట్టి విద్యార్థులను వేరు వేరు బ్యాచీలుగా విడదీయడం, బహిరంగంగా అవమానించడం కూడదు. సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వవలెను. టెలీ మానస్ వంటి సహాయ నంబర్లను తరగతులలో, హాస్టళ్లలో పెద్ద అక్షరాలతో కనపడేటట్లు ఉంచవలెను. మఠాలు నడిపే చిన్న హాస్టళ్లు కూడా ఈ పనులలో ఏ ఒక్కటీ తమకు అసాధ్యమని చెప్పలేవు.

పిల్లలకే నేర్పడం మరింత ఫలప్రదమని ఒక పెద్ద అధ్యయనం చూపింది. యూరపులోని 10 దేశాలలో 168 పాఠశాలలకు చెందిన 11,110 మంది విద్యార్థులతో జరిగిన ఆ అధ్యయనం 2015లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. మానసిక ఆరోగ్యం గురించి, ఒత్తిడిని ఎదుర్కోవడం గురించి, సహాయం అడగడం గురించి విద్యార్థులకే పాత్రాభినయాలతో, చర్చలతో కొన్ని గంటలు పాఠం చెప్పిన బడులలో ఏడాది తరువాత ఆత్మహత్యా ప్రయత్నాలు మిగతా బడుల కంటే సుమారు సగానికి తగ్గినవి. ఉపాధ్యాయులకు మాత్రమే శిక్షణ ఇచ్చినచోట అంతటి స్పష్టమైన ఫలితం కనపడలేదు. కష్టం కలిగినప్పుడు పిల్లలు మొదట చెప్పుకొనేది స్నేహితునికే గదా! స్నేహితుని ప్రాణం విషయంలో రహస్యం దాచడం స్నేహం కాదని, నమ్మిన పెద్దవారికి చెప్పడం చాడీ కాదని ప్రతి విద్యార్థికీ తెలియవలెను.

ఫలితాల రోజున పిల్లవాడు ఒంటరిగా ఫలితం చూసుకోకుండా ఇంటివారు పక్కన ఉండవలెను. మార్కులు అడిగే బంధువుల ఫోన్లకు పెద్దలే సమాధానం చెప్పవలెను. తప్పితే సప్లిమెంటరీ పరీక్ష ఉన్నదని, తిరిగి లెక్కింపు, పరిశీలన ఉన్నవని ఫలితం రాకముందే చెప్పి ఉంచవలెను. కాయకంలో ఎక్కువ తక్కువలు లేవని బసవన్న కాలం నుండి చెప్పుకొంటున్న కుటుంబాలు డాక్టరు, ఇంజనీరు కాని చదువును తక్కువగా చూడడం ఆ బోధకు తగినది కాదు.

తరువాతి సంరక్షణ

ప్రయత్నించి బ్రతికిన బిడ్డ ఆస్పత్రినుండి ఇంటికి వచ్చిన తొలి వారాలు చాలా సున్నితమైనవి. మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది. కాస్త నయమైనదని తమంతట తాము మందు మానకూడదు. మందులు తల్లిదండ్రుల చేతిలోనే ఉండవలెను. జరిగినదానిని పదే పదే తవ్వి అడగడం, పరువు పోయిందని దెప్పడం తగదు. బడికి తిరిగి వెళ్లేటప్పుడు ఉపాధ్యాయులతో ముందే మాట్లాడి, చదువు భారాన్ని మెల్లమెల్లగా పెంచవలెను.

దురదృష్టవశాత్తు మరణమే సంభవిస్తే మిగిలిన పిల్లల రక్షణ వెంటనే ఆలోచించవలెను. ఎట్లా జరిగిందన్న వివరాలను ప్రచారం చేయకూడదు. ఆ చర్యను త్యాగంగా, వీరత్వంగా వర్ణించకూడదు. దగ్గరి స్నేహితులను, తోబుట్టువులను విడివిడిగా పలకరించవలెను. ఆ తల్లిదండ్రులను నిందించకుండా, వారి గడప తొక్కడం మానకుండా సమాజం వారికి అండగా నిలవవలెను.

మననం చేయవలసిన ప్రశ్నలు

1. ఇంటిలో గాని, హాస్టలులో గాని ఇటీవల ఏ బిడ్డ నడవడిలో మార్పు కనపడింది? ఆ బిడ్డతో చివరిసారి మార్కుల ప్రసక్తి లేకుండా మాట్లాడినది ఎప్పుడు?

2. బ్రతకాలని లేదని ఒక బిడ్డ చెప్పితే మొదట అనవలసిన మాట ఏది? అనకూడని మాట ఏది?

3. ఇంటిలోని పురుగుల మందు, మాత్రలు ఇప్పుడు ఎక్కడ ఉన్నవి? తాళం ఎవరి వద్ద ఉన్నది?

4. రహస్యంగా ఉంచమని కోరిన పిల్లవానికి ఏమని సమాధానం చెప్పవలెను?

5. హాస్టలులో వంటవాడు, కావలివాడు తాము గమనించినది ఎవరికి చెప్పవలెనో వారికి తెలుసునా?

6. 14416 అనే నంబరు పిల్లల కంటికి కనపడేచోట వ్రాసి ఉన్నదా? లేకపోతే ఈ పత్రికను మూసిన వెంటనే దానిని ఎవరు వ్రాస్తారు?